‘పర్లేదు’ అన్న మాట ఖరీదు

మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే కుర్రాడు ఒక శనివారం రాత్రి మాతో భోజనానికి వచ్చాడు. మా ఆవిడ పప్పూ అన్నం వడ్డించింది. కుర్రాడు కంచం వైపు కాసేపు చూసి, “ఆంటీ, ఒక స్పూన్ ఉందా?” అన్నాడు. వచ్చిన రోజు నుంచీ చేత్తో కలుపుకుని తినేవాడే. స్పూన్ అందుకున్నది కూడా ఎడమ చేత్తోనే. ఏమైందని అడిగితే, “ఏం లేదు అంకుల్, మొన్న సైకిల్ మీంచి పడ్డాను, పర్లేదు” అన్నాడు.

గుచ్చి గుచ్చి అడిగితే అసలు సంగతి బయటికొచ్చింది. పార్ట్‌టైమ్ పని ముగించుకుని సాయంత్రం వయాండాట్ స్ట్రీట్ మీద సైకిల్‌పై వస్తుంటే, కుడివైపు తిరిగిన కారు ఒకటి గుద్దేసింది. కారు నడిపిన పెద్దావిడ గాబరాగా దిగి ఎలా ఉన్నావని అడిగింది. ఈయన లేచి నిలబడి, బట్టలు దులుపుకుని, “ఐయామ్ ఓకే, సారీ” అన్నాడు. దెబ్బ తిన్నవాడే సారీ చెప్పాడు! ఆవిడే మంచి మనిషి, కిరాణా బిల్లు వెనక తన పేరు, ఫోన్ నంబరు రాసిచ్చి వెళ్ళింది. ఆ కాగితం ఉతకాల్సిన బట్టల్లో, ప్యాంటు జేబులో ఉంది. పోలీసులకు చెప్పలేదు, డాక్టరు దగ్గరికీ వెళ్ళలేదు. అప్పటికి ఐదు రోజులైంది.

“పోలీసుల దాకా ఎందుకంకుల్, వీసాకేమైనా అవుతుందేమో. ఇంట్లో తెలిస్తే అమ్మ అన్నం మానేస్తుంది” అన్నాడు.

ఈ అధ్యాయం ఆ కుర్రాడి కోసం, అలాంటి వాళ్ళందరి కోసం. కెనడాలోని విండ్సర్‌లో యూనివర్సిటీకి, సెయింట్ క్లెయిర్ కాలేజీకి వచ్చిన మన పిల్లల్లో చాలామందికి కారు ఉండదు. కారు లేదు కాబట్టి ఇన్సూరెన్సూ లేదనుకుంటారు. అది తప్పు. ఒంటేరియోలో మోటారు వాహనం వల్ల దెబ్బ తగిలిన మనిషికి, తప్పు ఎవరిదైనా సరే, ఏదో ఒక ఇన్సూరెన్సు కంపెనీ వైద్యం చూసుకోవాలని చట్టం చెబుతుంది. ముందు సొంత పాలసీ, అంటే మీదో, మీ భార్యదో భర్తదో, మీరు ఆధారపడి ఉన్నవారిదో. అది లేకపోతే మీరు కూర్చున్న కారు పాలసీ. నడుస్తూనో సైకిల్ మీదో ఉంటే మిమ్మల్ని గుద్దిన కారు పాలసీ. అదీ లేకపోతే చివరికి మోటార్ వెహికల్ యాక్సిడెంట్ క్లెయిమ్స్ ఫండ్ అని ప్రభుత్వ నిధి ఒకటుంది. మన కుర్రాడి వైద్యం ఆ పెద్దావిడ ఇన్సూరెన్సు కంపెనీ బాధ్యత. ఆ బాధ్యతకు దారి చూపే కాగితం వాషింగ్ మెషీన్‌లోకి వెళ్ళబోతోంది.

మన ఊళ్ళలో యాక్సిడెంట్ కేసంటే ఓ.పి., అంటే ఒరిజినల్ పిటిషన్, వేయడమే. 1988 మోటారు వాహనాల చట్టం కింద ట్రిబ్యునల్‌లో పిటిషన్ పెడతారు, అవతలి డ్రైవరు తప్పు రుజువు చేస్తారు, ఏళ్ళ తరబడి తిరిగాక లోక్ అదాలత్‌లో రాజీ పడతారు. ఆ అలవాటుతో ఇక్కడికొచ్చిన మనవాళ్ళు “తప్పు నాదేనేమో, నాకేం వస్తుంది?” అని మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతారు. ఇక్కడ దారులు రెండు. ఒకటి యాక్సిడెంట్ బెనిఫిట్స్: తప్పొప్పులతో పని లేకుండా ఇన్సూరెన్సు కంపెనీ ఇచ్చే వైద్యం ఖర్చు, ఆదాయ నష్టం లాంటివి. రెండోది తప్పు చేసిన డ్రైవరు మీద వేసే దావా. మొదటిది దాదాపు అందరికీ ఉంటుంది, రెండోది దెబ్బ పెద్దదైతేనే నిలుస్తుంది. వీటిని కలగాపులగం చేసుకోవడం వల్లే సగం భయాలు.

మొదటి దారిలో గడువు చాలా తక్కువ. ప్రమాదం జరిగిన ఏడు రోజుల్లో ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పాలి. వాళ్ళు ఫారాలు పంపుతారు. అందులో ఓసీఎఫ్-1 అనే దరఖాస్తును, అందిన 30 రోజుల్లోపు నింపి తిరిగి పంపాలి. ఏడు రోజులు దాటితే హక్కు పోయినట్టు కాదు, ఆలస్యానికి సరైన కారణం చూపితే వింటారు. కానీ “నాకు తెలియదండీ” అన్న కారణంతో వాదించి నెగ్గడం కష్టం. ఆ శనివారానికి మా కుర్రాడికి ఇంకా రెండు రోజులు మిగిలాయి. ఆదివారం పొద్దున్నే ఇద్దరం ఆసుపత్రికి వెళ్ళాం. ఆ తరవాత పోలీసులకు రిపోర్టు ఇచ్చాం.

పోలీసు రిపోర్టు గురించి ఇంకొంచెం. ఒంటేరియోలో మనిషికి దెబ్బ తగిలిన ప్రమాదాన్ని పోలీసులకు చెప్పి తీరాలి. 2025 జనవరి నుంచి వాహనాల నష్టం 5,000 డాలర్ల లోపుంటే చెప్పనక్కర్లేదన్నారు గానీ, అది మనిషికి దెబ్బ తగలనప్పటి మాట. గుద్ది పారిపోయిన కారైతే 24 గంటల్లో చెప్పండి. అప్పుడు మీ చేతిలో ఉండే పునాది ఆ రిపోర్టే. ఇక వీసా భయం. రోడ్డు మీద దెబ్బ తిన్నానని చెప్పుకోవడం నేరం కాదు. ఇన్సూరెన్సు నుంచి వచ్చేది ప్రభుత్వం పెట్టే సాయమూ కాదు. ఎవరో కట్టిన ప్రీమియం మీద మీకున్న హక్కు. వీసా విషయంలో నిజంగా చూసుకోవాల్సింది వేరే ఉంది. దెబ్బ వల్ల సెమిస్టర్ మానేయాల్సి వస్తే కాలేజీ నుంచి అధికారికంగా సెలవు తీసుకోండి. స్టడీ పర్మిట్ మీద ఉన్నవారికి అలాంటి సెలవు 150 రోజుల వరకు చెల్లుతుంది, ఆ సెలవులో ఉద్యోగం మాత్రం చేయకూడదు. చెప్పకుండా క్లాసులు ఎగ్గొడితేనే చిక్కు.

సారీ సంగతి కూడా తేల్చేద్దాం. 2009లో ఒంటేరియో క్షమాపణల చట్టమని ఒకటి చేసింది. దాని ప్రకారం సారీ చెప్పడం తప్పు ఒప్పుకోవడం కిందికి రాదు, సివిల్ కేసులో దాన్ని సాక్ష్యంగా వాడలేరు. కాబట్టి అలవాటుగా నోరు జారినందుకు కుమిలిపోవద్దు. దానికంటే నష్టం చేసేది “నాకేం కాలేదు” అన్న మాట. అది మెడికల్ రికార్డులోకి ఎక్కిందంటే నెలల తరవాత కూడా వెంటాడుతుంది. పైగా నడిచే మనిషినో సైకిల్ మీదున్నవాణ్నో కారు గుద్దితే, తన నిర్లక్ష్యం లేదని రుజువు చేసుకోవాల్సిన భారం డ్రైవరు మీదే ఉంటుందని ఇక్కడి హైవే ట్రాఫిక్ చట్టం 193వ సెక్షన్ చెబుతుంది. ఆ భారాన్ని మొహమాటంతో మనమే నెత్తిన ఎత్తుకుంటున్నాం.

వైద్యానికి ఎంత వస్తుంది? బెణుకులు, కండరాల నొప్పులు, మెడ పట్టేయడం లాంటివి చిన్న దెబ్బల కింద లెక్కేసి 3,500 డాలర్ల దగ్గర గీత గీస్తారు. ఎముక విరిగినా, తలకు తగిలి కంకషన్ అయినా ఆ గీత దాటినట్టే. అక్కడి నుంచి మామూలుగా 65,000 డాలర్ల వరకు, జీవితాంతం మంచాన పడేసేటంత తీవ్రమైన వాటికి 10 లక్షల డాలర్ల వరకు ఉంటుంది. అంటే డాక్టరు తన నోట్సులో ఏం రాశారన్న దాని మీద వేల డాలర్ల తేడా ఆధారపడి ఉంది. మా కుర్రాడు మొదట డాక్టరుతో “షోల్డర్ పెయిన్” అని మాత్రమే అన్నాడు. నేను పక్కనుండి, “రాత్రి ఎందుకు నిద్ర పట్టడం లేదో చెప్పు, తల తిరుగుతోందన్నావు, అదీ చెప్పు” అని పొడవాల్సి వచ్చింది. డాక్టరు దగ్గర నొప్పి దాచుకోవడం ఓర్పు అనిపించుకోదు. ఉన్నది ఉన్నట్టు, ఒక్కటీ పెంచకుండా, ఒక్కటీ మింగేయకుండా చెప్పండి. ఫిజియోథెరపీ వాళ్ళు చికిత్స ప్లాన్ పంపితే కంపెనీ పది పనిదినాల్లో జవాబివ్వాలి.

మన పిల్లలకు ఇంకో పెద్ద దెబ్బ తగిలేది ఆదాయ నష్టం దగ్గర. పని చేయలేకపోతే స్థూల ఆదాయంలో 70 శాతం, వారానికి 400 డాలర్లు మించకుండా ఇచ్చే ఏర్పాటు ఉంది. కానీ ట్యాక్సుకు చూపించాల్సి ఉండీ చూపించని ఆదాయాన్ని లెక్కలోకి తీసుకోరు. చేతికి నగదు ఇచ్చే చోట ఏడాదంతా కష్టపడ్డ కుర్రాడి సంపాదన, చట్టం దృష్టిలో సున్నా. నగదు పని సుఖమని చెప్పే అన్నలు ఈ సంగతి చెప్పరు. నేను చెబుతున్నాను. పే స్టబ్ ఇవ్వని యజమాని మీ ట్యాక్సు మిగల్చడం లేదు, దెబ్బ తగిలిన నాడు మీకు అన్నం పెట్టే కాగితాన్ని లాక్కుంటున్నాడు.

ఇంకో ముఖ్యమైన మార్పు. 2026 జూలై 1 నుంచి ఒంటేరియో పాలసీల్లో వైద్యం, పునరావాసం, సంరక్షణ మాత్రమే తప్పనిసరి. ఆదాయ నష్టం లాంటివి పాలసీ కొనేవాళ్ళు విడిగా ఎంచుకుంటేనే ఉంటాయి. ప్రీమియంలో కొన్ని డాలర్లు మిగులుతాయని వాటిని తీసేయించే ముందు, మీ జీతం ఆగిపోతే ఎన్ని నెలలు అద్దె కట్టగలరో కాగితం మీద రాసుకోండి. కారు నడిపే స్నేహితులకూ ఈ మాట చెప్పండి.

స్నేహితుల మాట వచ్చింది కాబట్టి అసలు కష్టమైన చోటికి వద్దాం. మనవాళ్ళు నలుగురు ఒకే కారులో వెళతారు. టొరంటోకి, నయాగరాకి, లేకపోతే వంతెన దాటి మిషిగన్‌లోని నోవైలో వేంకటేశ్వరస్వామి గుడికి. కారు స్నేహితుడిది, నడిపేదీ అతనే. మంచు మీద జారి డివైడర్‌ను కొట్టింది. వెనక కూర్చున్నవాడి వెన్ను దెబ్బతింది. వాడు క్లెయిము చేయడు. “వాడి ప్రీమియం పెరుగుతుంది, నామీద కేసు వేశాడంటాడు, రేపు ముఖం ఎలా చూపించను?” అంటాడు. ఇలాంటి మొహమాటంతో ఏడాదిపాటు నడుం పట్టుకుని తిరిగినవాళ్ళను చూశాను. స్నేహితుడి ప్రీమియం పెరిగేది అతని తప్పుతో ప్రమాదం జరిగినందుకు. మీరు ఫిజియోథెరపీకి వెళ్ళకుండా ఊరుకున్నంత మాత్రాన ఆ తప్పు చెరిగిపోదు. దావా కాగితం మీద స్నేహితుడి పేరున్నా, డబ్బు కట్టేదీ లాయరును పెట్టేదీ అతని ఇన్సూరెన్సు కంపెనీయే. అతను ఏళ్ళ తరబడి ప్రీమియం కట్టింది ఇలాంటి రోజు కోసమే కదా. ఫోన్ చేసి, “ఒరేయ్, నీమీద కోపంతో కాదు, నా నడుం కోసం” అని ముందే చెప్పేయండి. నిజమైన స్నేహితుడైతే పాలసీ నంబరు తనే పంపిస్తాడు.

ఇక దావా. ప్రమాదం జరిగిన నాటి నుంచి మామూలుగా రెండేళ్ళలోపు కోర్టులో వేయాలి. అంతకు ముందే, 120 రోజుల్లో, దావా వేసే ఉద్దేశముందని అవతలివారికి రాతపూర్వకంగా తెలపాలి. ఒంటేరియోలో కారు ప్రమాదంలో నొప్పికి, బాధకు పరిహారం అడగాలంటే సాధారణంగా శరీరంలోనో మనసులోనో ముఖ్యమైన ఒక శక్తి శాశ్వతంగా, తీవ్రంగా దెబ్బతినాలి. అది నిరూపించినా ఇంకో మెలిక ఉంది. నొప్పికి ఇచ్చే మొత్తంలోంచి ఒక కోత పడుతుంది, ఏటా పెరిగే ఆ కోత 2024లో సుమారు 46,000 డాలర్లు. కోర్టు 60,000 ఇస్తే చేతికొచ్చేది 14,000. ఆ ఏడాది లెక్కలో సుమారు 1,53,500 డాలర్లు దాటితే కోత లేదు. ఇంత పెద్ద కోత న్యాయం కాదని నా గట్టి అభిప్రాయం. మధ్యరకం దెబ్బ తిన్నవాడు దీనివల్ల కోర్టు గడప తొక్కకుండానే వెనక్కి తిరుగుతున్నాడు. కానీ ఉన్న చట్టం ఇది. తెలిసి అడుగేయడం మేలు. అమెరికా సినిమాల్లోలా కోట్లు వస్తాయన్న ఆశ పెట్టుకోవద్దు. కెనడా సుప్రీంకోర్టు 1978లోనే నొప్పికి, బాధకు ఇచ్చే పరిహారానికి లక్ష డాలర్ల పైపరిమితి పెట్టింది. ధరలతో పాటు పెరిగి ఇప్పుడది నాలుగున్నర లక్షలు దాటింది, అదీ అతి ఘోరమైన గాయాలకే.

విండ్సర్‌లో ఉండేవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది, మన పక్కనే పారే నది. అంబాసిడర్ వంతెన మీదుగానో సొరంగం గుండానో డెట్రాయిట్ వెళ్ళడం ఇక్కడివాళ్ళకు పక్కూరికి వెళ్ళినట్టే. అక్కడ ప్రమాదం జరిగితే మీ ఒంటేరియో పాలసీ వైద్య ప్రయోజనాలు మీ వెంట వస్తాయి. కానీ డ్రైవరు మీద దావాకు ప్రమాదం జరిగిన చోటి చట్టమే వర్తిస్తుందని కెనడా సుప్రీంకోర్టు 1994లో టోలోఫ్‌సన్ కేసులో తేల్చింది. అంటే మిషిగన్ చట్టం, మిషిగన్ గడువులు. పైగా 2020 జూలై నుంచి మిషిగన్‌లో డ్రైవర్లు ఒక మనిషికి 50,000 డాలర్ల దాకా తగ్గించిన బాధ్యత పాలసీతో కూడా రోడ్డెక్కవచ్చు. అమెరికా ఆసుపత్రి బిల్లు చూసినవాళ్ళకు ఆ మొత్తం ఎంత చిన్నదో తెలుసు. అందుకే మీ పాలసీలో ఓపీసీఎఫ్ 44ఆర్ అనే ఫ్యామిలీ ప్రొటెక్షన్ కవరేజీ ఉందో లేదో చూసుకోండి. అవతలివాడి పాలసీ చాలనప్పుడు మీ బాధ్యత పాలసీ మొత్తం వరకు లోటు పూడ్చేది అదే. నది దాటే ప్రతి తెలుగు ఇంటికీ ఇది ఉండాలి.

కారు లేని ప్రమాదాలకు గడువులు వేరు. నగరం కాలిబాట పాడై ఉండటం వల్లో, మంచు వల్లో పడితే పది రోజుల్లో నగరపాలక సంస్థకు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. మంచు విషయంలో వాళ్ళ ఘోర నిర్లక్ష్యాన్ని చూపించాల్సి వస్తుంది. షాపు ముందో అద్దె ఇంటి మెట్ల మీదో మంచుకు జారితే 2021 నుంచి 60 రోజుల గడువు. పనిలో దెబ్బ తగిలితే దారి పూర్తిగా వేరు, డబ్ల్యూఎస్ఐబీ అనే ఒంటేరియో కార్మికుల బీమా బోర్డుకు ఆరు నెలల్లోపు క్లెయిము పెట్టాలి. ఆ బోర్డు పరిధిలోని యజమాని మీ పేరు నమోదు చేయకపోయినా మీ హక్కు పోదు.

దెబ్బ తగిలిన రోజు నుంచే ఒక నోట్‌బుక్ పెట్టమని నా గట్టి సలహా. మా కుర్రాడి నోట్‌బుక్ రెండు రూపాయల తెలుగు రాతపుస్తకంలా ఉండేది, అక్షరాలు ఎడమ చేతివి కాబట్టి వంకర టింకర. “సోమవారం: చొక్కా వేసుకోడానికి రూమ్మేట్ సాయం. బుధవారం: బస్సులో రాడ్ పట్టుకోలేకపోయాను. శుక్రవారం: ల్యాబ్‌లో గంటకే వేళ్ళు తిమ్మిరి.” ఏడాది తరవాత కంపెనీ తరపు డాక్టరు పరీక్షకు పిలిచి, మొదటి నెల ఎలా ఉండేదని అడిగినప్పుడు జ్ఞాపకం తడబడుతుంది, ఆ పేజీ తడబడదు. రసీదులు, బస్సు టికెట్లు, మందుల బిల్లులు అందులోనే దాచాడు. ఇన్‌స్టాగ్రామ్‌లో మాత్రం ఏమీ పెట్టొద్దన్నాను. బతుకమ్మ వేడుకలో ఒక్క నిమిషం నవ్విన ఫోటో కూడా “బాగానే ఉన్నాడుగా” అనే వాదనకు పనికొస్తుంది.

లాయరును ఎప్పుడు కలవాలి? ఎముక విరిగినా, తలకు తగిలినా, కంపెనీ కాదన్నా వెంటనే. చాలామంది మొదటి భేటీకి ఫీజు తీసుకోరు, గెలిస్తేనే వాటా తీసుకునే ఒప్పందం మీద పనిచేస్తారు. 2021 జూలై నుంచి అలాంటి ఒప్పందాలకు ఒక నిర్ణీత నమూనా ఉంది. శాతం ఎంత, ఖర్చులు ఎవరివి, మధ్యలో మానేస్తే ఏమవుతుంది, అన్నీ అందులో చదవండి. లా సొసైటీ ఆఫ్ ఒంటేరియో జాబితాలో ఆ పేరుందో లేదో చూడండి. వాళ్ళ రిఫరల్ సర్వీసు ద్వారా అరగంట సలహా ఉచితంగా దొరుకుతుంది. తెలుగు మాట్లాడతాడన్న ఒక్క కారణంతో ఎవరినీ పెట్టుకోవద్దు. క్లినిక్‌లో గానీ, కార్డు చేతిలో పెట్టిన అపరిచితుడి దగ్గర గానీ ఖాళీ ఫారం మీద సంతకం చేయొద్దు. చేయించుకోని చికిత్సకు బిల్లు రాయిస్తామంటే లేచి వచ్చేయండి, అది మోసం, అందులో మీరూ భాగస్తులవుతారు. కంపెనీ బెనిఫిట్లు కాదంటే లైసెన్స్ అప్పీల్ ట్రిబ్యునల్‌కు రెండేళ్ళలో వెళ్ళవచ్చు. బెనిఫిట్ల మీద రాజీ ప్రమాదం జరిగిన ఏడాదిలోపు చెల్లదు. ఆ తరవాత సంతకం చేసినా మనసు మార్చుకోడానికి రెండు పనిదినాలు ఉంటాయి. ఆ రెండు రోజులూ వాడుకోండి, ఇంట్లోవాళ్ళతో మాట్లాడండి.

ఇంట్లోవాళ్ళంటే గుర్తొచ్చింది. మా కుర్రాడు తొమ్మిదో రోజున గుంటూరుకు ఫోన్ చేశాడు. వాళ్ళమ్మ అన్నం మానలేదు. “ఆ కాయితం దాచావా నాయనా?” అని అడిగింది. కిరాణా బిల్లు ఆ నోట్‌బుక్ మొదటి పేజీకి పిన్ను కొట్టి ఉంది.

మీ ఇంటి కింద, మీ పక్క గదిలో, మీ క్లాసులో దెబ్బ తగిలిన పిల్లవాడు ఉంటే ఎలా ఉన్నావని మాత్రమే అడిగి వదిలేయకండి, పర్లేదనే అంటాడు. ఆ చెయ్యి ఒకసారి పైకెత్తమనండి. ఎత్తలేకపోతే ఏ రోజు జరిగిందో అడగండి, వేళ్ళ మీద ఏడు లెక్కపెట్టి, ఆ రాత్రే పక్కన కూర్చుని ఫోన్ చేయించండి.